శరణు – పనాహ్: స్వలింగ ప్రేమికులు, ఆశ్రయ హక్కు

శరణు అను మాట మనకు కొత్తది కాదు. డేగ తరుముకొని రాగా తన ఒడిలో వ్రాలిన పావురము కొరకు తన శరీరమాంసమును తూచి ఇచ్చిన శిబి చక్రవర్తి కథను తెలుగు విద్యార్థి చిన్నతనముననే వినియున్నాడు. ఉర్దూ విద్యార్థికి హబషా హిజ్రత్ తెలియును. మక్కాలో హింసల పాలైన తొలి ముస్లిములలో కొందరు క్రీ.శ. 615 ప్రాంతమున ఎర్ర సముద్రము దాటి అబిసీనియా చేరినారు. వారిని తమకు అప్పగింపుమని ఖురైషులు దూతలను పంపినారు. ఆ దేశపు క్రైస్తవ ప్రభువు నజాషీ ఇరుపక్షముల మాట విని, వచ్చినవారిని అప్పగించుటకు నిరాకరించినాడు. ఒక భాషలో శరణు, వేరొక భాషలో పనాహ్. వచ్చినవాడు తనవాడు కాకపోవుట రెండు కథలలోను ఆశ్రయమునకు అడ్డు కాలేదు.

ఈ ప్రాచీన ధర్మము ఇరువదవ శతాబ్దమున అంతర్జాతీయ చట్టముగా రూపొందినది. ఆ చట్టము ఎవరిని కాపాడును, ఎవరిని కాపాడదు అను ప్రశ్న నాకు కళాశాలలోనే ఎదురైనది. ఐక్యరాజ్యసమితి పాఠము ముగించి బయటికి వచ్చుచుండగా వరండాలో ఒక విద్యార్థి నన్ను ఆపి, గొంతు తగ్గించి, "సార్, ఒకడు మగవాడై మగవాన్నే ప్రేమించిండని ఇంటివాళ్లు, ఊరివాళ్లు చంపుతమంటే, వాడు వేరే దేశం పోయి పనాహ్ అడగొచ్చునా?" అని అడిగినాడు. అడగవచ్చునని చెప్పి, గంట కొట్టుటచే మరొక తరగతికి వెళ్లిపోతిని. అది సగము జవాబు మాత్రమే. ఎవరి కొరకు అడుగుచున్నావని నేను ప్రశ్నింపలేదు. ప్రశ్నింపకపోవుటయే మంచిదైనదని ఇప్పటికిని అనుకొందును. మిగిలిన సగమును ఈ పుటలలో వ్రాయుచున్నాను. మతములు ఈ విషయమున ఏమి చెప్పుచున్నవో చర్చించుట నా పని కాదు, అది ఆయా పండితుల పని. ఇచ్చట విషయము ఒక మనిషి ప్రాణము, దానిని కాపాడవలసిన చట్టము.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఐరోపాలో నిలువ నీడ లేక తిరుగుచున్న లక్షలాది జనమును దృష్టిలో ఉంచుకొని, 1951 జూలై 28న జెనీవాలో శరణార్థుల ఒడంబడిక ఆమోదింపబడినది. 1951 జనవరి 1కి పూర్వము జరిగిన సంఘటనల వలన దేశము విడిచినవారికే అది మొదట వర్తించెడిది. 1967 నాటి ప్రోటోకాలు ఆ కాలపు హద్దును తొలగించినది. దాని ప్రకారము శరణార్థి యనగా ఎవరు? తన దేశమునకు వెలుపల ఉన్నవాడై, జాతి, మతము, జాతీయత, ఒకానొక సామాజిక వర్గమునకు చెందియుండుట, రాజకీయాభిప్రాయము అను ఐదు కారణములలో ఏదేని ఒకదాని వలన పీడింపబడుదునను సహేతుకమైన భయము గలవాడై, తన ప్రభుత్వము యొక్క రక్షణ పొందలేనివాడు. అట్టివానిని ప్రాణాపాయము గల చోటికి తిరిగి పంపరాదని ముప్పదిమూడవ అధికరణము శాసించుచున్నది. ఒడంబడిక మొత్తమునకు ఇది ప్రాణము వంటిది.

ఈ నిర్వచనములో ప్రతి మాటకును బరువున్నది. మొదటి మాటనే చూడుడు: 'దేశమునకు వెలుపల'. పెద్దపల్లి నుండి పారిపోయి హైదరాబాదులో తలదాచుకొన్నవాడు ఎంత భయముతో ఉన్నను శరణార్థి కాడు, అతడు పౌరుడు మాత్రమే. సరిహద్దు దాటిన పిమ్మటనే ఈ చట్టము అతనిని చూచును. ఇక ఐదు కారణముల పట్టికలో స్వలింగ ప్రేమ అను మాటయే లేదు. 1951లో అట్టి మాటను చేర్చవలెనని ఎవరికిని తోచియుండదు. ఒడంబడికను రచించిన దేశములలో పెక్కింట ఆనాడు అది శిక్షార్హమైన నేరము. అయితే స్వీడన్ ప్రతినిధి చివరి దశలో ప్రతిపాదింపగా 'ఒకానొక సామాజిక వర్గము' అను పదబంధము చేర్పబడినది. దాని అర్థమును ఎచ్చటను వివరింపలేదు. వివరింపకుండుటయే మేలైనది. ఆ తెరచియున్న ద్వారము గుండానే నలుబది సంవత్సరముల తరువాత స్వలింగ ప్రేమికులు లోనికి వచ్చినారు.

ఆ ద్వారమును మొదట తెరచిన వ్యాజ్యములలో ఒకటి క్యూబా దేశీయునిది. 1980లో మారియెల్ రేవు నుండి పడవలలో అమెరికా చేరిన వేలాది జనములో అతడొకడు. అతని కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది దెబ్బలు కావు, ఒక దస్త్రము. స్వలింగ ప్రేమికుడని తెలిసిన పిమ్మట 1967లో అక్కడి అధికారులు అతని పేరిట ఒక ఫైలు తెరచినారు. అది మొదలు పదమూడు సంవత్సరములు, ప్రతి రెండు మూడు నెలలకొకసారి అతడు పిలుపు అందుకొని హాజరు కావలెను. ప్రశ్నలు, పరీక్షలు, కొన్ని పర్యాయములు మూడు నాలుగు దినముల నిర్బంధము. ఒకసారి పనికి వెళ్లనందుకు అరువది దినముల నిర్బంధ శ్రమ. కడపట, దేశము విడిచిపొమ్ము లేదా నాలుగేండ్లు చెరసాలలో ఉండుమనినారు. అతడు బయలుదేరిన దినమున ఇరుగుపొరుగువారు కోడిగ్రుడ్లు, టమాటలు విసరినారు. 1990 మార్చిలో అమెరికాలోని వలస అప్పీళ్ల బోర్డు అతడు ఒక సామాజిక వర్గమునకు చెందినవాడే యని, అతనిని క్యూబాకు పంపరాదని నిర్ణయించినది. 1994 జూన్‌లో అటార్నీ జనరల్ జానెట్ రెనో ఆ నిర్ణయమును దేశమంతటను అనుసరింపవలసిన పూర్వ ప్రమాణముగా ప్రకటించినది. తొబోసో అల్ఫాన్సో వ్యాజ్యముగా న్యాయశాస్త్ర గ్రంథములలో ప్రసిద్ధమైనది ఇదియే.

కెనడా సుప్రీం కోర్టు 1993లో వార్డ్ అను వ్యాజ్యమున మరి రెండు చిక్కులు విప్పినది. మార్చుకొనుటకు వీలులేని సహజ లక్షణము గలవారు ఒక సామాజిక వర్గమని, అందుకు లింగమును, లైంగికతను ఉదాహరణలుగా చూపినది. పీడించువాడు ప్రభుత్వమే కానక్కరలేదని, ఇతరులు పీడించుచుండగా ప్రభుత్వము కాపాడలేకపోయినను చాలునని చెప్పినది. ఈ రెండవ మాట మన ప్రాంతమునకు ముఖ్యమైనది. ఏలయన, ఇచ్చట యువకుడు మొదట భయపడునది పోలీసునకు కాదు. అన్నకు, మేనమామకు, కులపెద్దకు.

ద్వారము తెరచుకొన్నదిగదా, ఇక చిక్కేమి యని పాఠకుడు అడుగవచ్చును. ద్వారము వద్ద మరొక ప్రశ్న కాచుకొని కూర్చున్నది. 'నీవు స్వలింగ ప్రేమికుడవని నమ్ముచున్నాము. నీ దేశములో అట్టివారిని హింసింతురనియు ఒప్పుకొందుము. కాని నీవు ఎవరికిని తెలియకుండ దాచుకొని బ్రతుకరాదా?' చాలా దేశములలో అధికారులు ఈ ఒక్క ప్రశ్నతో ఎందరినో వెనుకకు పంపినారు. వినుటకు ఎంత మర్యాదగా, ఎంత లోకజ్ఞానముతో నిండినట్లుండునో! మన ఇండ్లలో పెద్దలు చెప్పునదియు ఇదియేగదా: ఎవరికీ చెప్పకు, పెండ్లి చేసుకో, అన్నీ సర్దుకొనును.

ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు ఆస్ట్రేలియా నుండి వచ్చినది. కలిసి జీవించుచుండిన ఇద్దరు బంగ్లాదేశ్ పురుషులు అక్కడ ఆశ్రయము కోరినారు. వారు స్వదేశములో గుట్టుగా బ్రతికినారు గనుక ఇక ముందును అట్లే బ్రతుకగలరని, ప్రమాదము లేదని శరణార్థుల ట్రిబ్యునలు త్రోసిపుచ్చినది. 2003 డిసెంబరు 9న ఆస్ట్రేలియా హైకోర్టు (ఆ దేశములో అదియే అత్యున్నత న్యాయస్థానము) నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ట్రిబ్యునలు పొరబడినదని తీర్పిచ్చినది. వారు గుట్టుగా ఎందుకు బ్రతికినారు అను ప్రశ్నను ట్రిబ్యునలు వేసికొననే లేదు. భయము వలన దాచుకొన్నచో ఆ భయమే పీడన కావచ్చును. హాని జరుగలేదు గనుక భయము లేదనుట, తలుపు గడియ వేసికొన్నాడు గనుక దొంగల బెడద లేదనుట వంటిది. ఆధిక్య పక్షమున నిలిచిన నలుగురిలో మైకేల్ కిర్బీ ఒకడు. తాను స్వలింగ ప్రేమికుడనని అంతకు కొన్ని సంవత్సరముల ముందే బహిరంగముగా తెలిపిన న్యాయమూర్తి ఆయన. తీర్పు నాలుగు మూడుగా చీలినది. అనగా ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గియున్నచో మొత్తము మారియుండెడిది.

బ్రిటన్‌లో ఇట్టి జవాబు రావలెనన్న 2010 జూలై 7 వరకు ఆగవలసి వచ్చినది. ఇరానుకు చెందిన ఒకరు, కామెరూనుకు చెందిన ఒకరు. తీర్పులో వారి పేర్లు లేవు, పొడి అక్షరములే కలవు. కామెరూను దేశీయుడు తన మిత్రుని ముద్దు పెట్టుకొనుచుండగా పొరుగువాడు చూచినాడు. తరువాత అతడు చర్చి నుండి ఇంటికి వచ్చుచుండగా ఒక గుంపు మీద పడి కొట్టినది. దిగువ న్యాయస్థానములు, గుట్టుగా బ్రతుకుట 'సహింపదగిన' స్థితియే యని ఇద్దరినీ నిరాకరించినవి. సుప్రీం కోర్టులోని ఐదుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా ఆ మాటను కొట్టివేసినారు. ఆ సందర్భమున ఆన్ ఫ్రాంక్ పేరు ప్రస్తావనకు వచ్చినది. నాజీల నుండి అటుక గదిలో దాగిన ఆ యూదు బాలిక, దాగియుండగలిగినది గనుక ఆమెకు ఆపద లేదని ఎవరైన అనగలరా?

లార్డ్ రోడ్జర్ ఈ తీర్పులో అధికారులు వేయవలసిన ప్రశ్నలను వరుసగా పేర్చినాడు. ఆ వరుసను విద్యార్థులు తెలిసికొనదగును. వచ్చినవాడు నిజముగా స్వలింగ ప్రేమికుడా, లేదా ఇతరులు అట్లు భావింతురా అని మొదట చూడవలెను. అతని దేశములో బాహాటముగా బ్రతుకు స్వలింగ ప్రేమికులకు పీడన కలదా అని పిమ్మట చూడవలెను. కలదన్నచో, ఇతడు తిరిగి వెళ్లిన ఏమి చేయును? బాహాటముగా బ్రతుకుననిన శరణార్థియే. దాచుకొందుననినచో, ఎందుకు అను ప్రశ్న వేయవలెను. స్వభావము చేతనో, తల్లిదండ్రులకు సిగ్గు కలుగునని సంకోచము చేతనో మాత్రమే దాచుకొన్నచో ఆశ్రయము లేదు. చంపుదురేమో, చెరలో వేయుదురేమో యను భయము ఒక ముఖ్య కారణమైనచో శరణార్థియే. ఈ గీత సన్ననిది. సిగ్గు ఎచ్చట ముగిసి భయము ఎచ్చట మొదలగునో చెప్పుట మన ఊళ్లలో సులభమా? పరువు పేరిట హత్యలు జరుగు చోట తల్లిదండ్రుల సిగ్గే ఒక్కొక్కప్పుడు బిడ్డ ప్రాణమునకు ముప్పు. ఆ తీర్పును ఎంత గౌరవించినను, ఈ ఒక్క చోట అది మన వంటి సమాజములను తగినంతగా ఎరుగదని నా అభిప్రాయము.

ఐరోపా న్యాయస్థానము 2013 నవంబరులో సియెరా లియోన్, ఉగాండా, సెనెగల్ దేశముల వారి వ్యాజ్యములలో దాచుకొనుమని అడుగరాదని ఇట్లే చెప్పినది. అయితే శిక్షా చట్టము పుస్తకములో ఉన్నంత మాత్రమున పీడన కాదని, దాని క్రింద జైలు శిక్షలు నిజముగా అమలగుచుండవలెనని షరతు విధించినది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2012 అక్టోబరులో వెలువరించిన తొమ్మిదవ మార్గదర్శక సూత్రావళి ఈ విషయమంతటికి ఇప్పుడు ప్రపంచమున ప్రధాన ఆధారము.

తరువాతి కష్టము నిరూపణ. మతమును నిరూపించుటకు ప్రార్థనలు, పార్టీని నిరూపించుటకు సభ్యత్వ కార్డు ఉండవచ్చును. మనసును ఏ కాగితముతో నిరూపింతురు? ఈ ప్రశ్న అధికారులను సిగ్గుచేటైన మార్గములు త్రొక్కించినది. చెక్ గణతంత్రములో శరీర స్పందనను కొలుచు యంత్రములతో పరీక్షించినట్లు 2010లో ఐరోపా సంఘపు హక్కుల సంస్థ బయటపెట్టినది. ఇట్టి పరీక్షలు, ఆంతరంగిక క్రియలను గూర్చిన వివరమైన ప్రశ్నలు, చలనచిత్రములను సాక్ష్యముగా స్వీకరించుట మానవ గౌరవమునకు విరుద్ధమని ఐరోపా న్యాయస్థానము 2014 డిసెంబరులో నిషేధించినది. మొదటి రోజుననే చెప్పలేదన్న ఒక్క కారణముచే అబద్ధమనరాదని కూడ ఆ తీర్పే చెప్పినది. హంగరీలో ఒక నైజీరియా దేశీయునికి బొమ్మలు గీయించి, సిరా మరకలు చూపి అతని లైంగికతను తేల్చబోయిన మనస్తత్వ పరీక్షలను 2018 జనవరిలో త్రోసివేసినది.

ఇక మిగిలినది మాట ఒక్కటే. తన కథను తానే చెప్పవలెను. ఇందు తెలుగువానికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఈ విషయమును చెప్పుటకు మన వాడుక భాషలో మర్యాదగల మాట ఏది? పుస్తకములలో స్వలింగ సంపర్కము అను మాట యున్నది. దానిని ఇంటిలో ఎవరును పలుకరు. పలుకునవి తిట్లు. 'ఖోజా' అను మాట ఒకప్పుడు జనానాలను, ఖజానాలను కాచిన ఉన్నతోద్యోగులకు చెల్లినది. తెలుగులో అదే 'కొజ్జా' అను తిట్టుగా దిగజారినది. తిట్టుగా మాత్రమే విన్న మాటతో, తెలియని దేశపు అధికారి ముందు, తన ఊరివాడో తన కులమువాడో అయియుండదగిన దుబాసీ ద్వారా, ఒకడు తన జీవితమును చెప్పుకొనవలెను. అతడు తడబడిన అబద్ధమాడుచున్నాడందురు. చదువుకొన్నవారమైన మనము ఈ భాషకు కనీసము ఒక గౌరవప్రదమైన మాటను అలవాటు చేయలేకపోయితిమి.

భారతీయుడు వెలుపల ఆశ్రయము కోరినచో ఏమగును? 1860 నాటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షను ఉన్నంతకాలము దానిని చూపుట కొంత సులభము. ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న ఆ సెక్షనును వయోజనుల సమ్మతి గల ప్రవర్తనకు వర్తింపరాదన్నది. సుప్రీం కోర్టు 2013 డిసెంబరు 11న మరల నిలబెట్టినది. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ వ్యాజ్యమున రాజ్యాంగ ధర్మాసనము అట్టి ప్రవర్తన నేరము కాదని తేల్చినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఇది సంతోషింపదగిన మార్పు. కాని ఆశ్రయము కోరు భారతీయునికి ఇప్పుడు ఎదురగు ప్రశ్న వేరు: 'నీ దేశములో ఇది నేరము కాదుగదా, నీ ఊరిలో భయమైన ముంబాయికో ఢిల్లీకో పోయి ఉండరాదా?' దీనిని దేశాంతర్గత ఆశ్రయ ప్రత్యామ్నాయము అందురు. ఆ నగరములో అతనికి ఆపద లేకుండుటయే చాలదు. అక్కడ బ్రతుకుతెరువు ఉండునా, తరుమువారు అక్కడికి రాగలరా, అక్కడ కూడ దాచుకొని బ్రతుకవలసి వచ్చునా అను విషయములు చూడవలెనని ఐక్యరాజ్యసమితి సూత్రావళి చెప్పుచున్నది. అమెరికాలో మరొక నిబంధన కలదు. దేశములో అడుగిడిన ఏడాది లోపల ఆశ్రయ దరఖాస్తు పెట్టవలెను. ఆలస్యమునకు ప్రత్యేక కారణములు చూపనిచో త్రోసివేయుదురు. ఉన్నత విద్యకై అక్కడికి వెళ్లి, ధైర్యము కూడగట్టుకొనుటకే రెండేండ్లు పట్టిన విద్యార్థికి ఈ ఏడాది గడువు పెద్ద అగాధము. కల్పిత కథలు వ్రాసి అమ్ము దళారులు కూడ ఉందురు. వారి చేతిలో పడినవాడు తన భవిష్యత్తును పోగొట్టుకొనుటే గాక, వెనుక వచ్చు నిజమైన బాధితుని మాటను గూడ నమ్మకుండజేయును.

అందరును దరఖాస్తు పెట్టి పోలేదు. ఉర్దూ చదువరులు ఇఫ్తీ నసీమ్ పేరు వినియుందురు. పాకిస్తానులోని లాయల్‌పూరులో (నేటి ఫైసలాబాదు) పుట్టి, అమెరికాలో తన వంటివారు బ్రతుకగలరని లైఫ్ పత్రికలో చదివి, యౌవనముననే ఆ దేశము చేరినాడు. షికాగోలో స్థిరపడి 1994లో 'నర్మాన్' అను ఉర్దూ కవితా సంపుటమును వెలువరించినాడు. పురుషుని ప్రేమించు పురుషుని మనసును ఉర్దూలో అంత సూటిగా చెప్పిన మొదటి పుస్తకముగా దానిని పేర్కొందురు. ఆయన 2011లో షికాగోలోనే కన్నుమూసినాడు. శరణార్థి అను ముద్ర లేకయే శరణు వెదుకుకొన్న ఇట్టివారు లెక్కకు రారు.

ఇప్పుడు దూరదేశముల నుండి మన గడ్డకు వత్తము. క్యూబాలో తెరచిన ఫైలు గూర్చి చదివి ఆశ్చర్యపడినవారు ఫసలీ 1329వ సంవత్సరమును గుర్తు చేసికొనవలెను. పాత పహాణీలు చూచిన ఇంటివారికి ఫసలీ లెక్క తెలియును, అది క్రీ.శ. 1919. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో హైదరాబాదు సంస్థానమున నపుంసకుల చట్టము చేయబడినది. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టపు రెండవ భాగము దీనికి నమూనా. హైదరాబాదు నగరములోను, ప్రభుత్వము ప్రకటించు ఇతర స్థలములలోను నివసించు వారిలో, బాలురను అపహరింతురనియో ప్రకృతి విరుద్ధమైన నేరములు చేయుదురనియో అనుమానము గలవారి పేర్లు, చిరునామాలు ఒక రిజిస్టరులో వ్రాయవలెను. రిజిస్టరుకు ఎక్కిన మనిషి ఆడువారి దుస్తులతోనో నగలతోనో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడి పాడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. శిక్ష రెండేండ్ల వరకు. పదునారు సంవత్సరముల లోపు బాలుని తన ఇంట ఉంచుకొన్నను అంతే శిక్ష.

ఈ చివరి నిబంధన బాలల రక్షణ కొరకేనని ఆనాటివారు చెప్పియుందురు. బాలురను అపహరించుట ఎవరు చేసినను నేరమే. అందుకు సాధారణ శిక్షాస్మృతి చాలును. కాని మన దేశములో, ఆడపిల్ల నడక గలవాడని ఇంటి నుండి గెంటివేయబడిన పిల్లవానికి అన్నము పెట్టి, నీడ ఇచ్చినది తరచు హిజ్రాల ఇల్లే. గురువు, చేలా అను సంబంధముతో, చట్టము లేకయే, కన్నవారు విడిచినవానికి అది ఒక కుటుంబమైనది. ఆ వ్యవస్థలోను దోపిడీ లేదనను. గురువు చెప్పినదే శాసనమైన చోట బాధలుండును. అయినను ఇది మనకున్న పనాహ్. హిజ్రా, హిజ్రత్ అను మాటలు రెండును విడిచిపోవుట అను అర్థము గల అరబ్బీ ధాతువు నుండి వచ్చినవని పలువురు చెప్పుదురు. 1919 నాటి చట్టము ఆ ఆశ్రయమునే నేరముగా వ్రాసినది.

నిజాము పాలన 1948లో ముగిసినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. చట్టము మాత్రము 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంతము)' అను క్రొత్త పేరు తగిలించుకొని పుస్తకములో నిలిచియే యున్నది. 2014లో తెలంగాణ వచ్చినది, అప్పటికిని ఉన్నది. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు 2018లో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసినారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర రెడ్డి ఆ చట్టము రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని కొట్టివేసినారు. నూట నాలుగేండ్లు! ఒక సమూహము నంతటిని పుట్టుకతో నేరస్థులుగా చూచిన చట్టము మన ముత్తాతల కాలము నుండి మన కాలము వరకు వచ్చినది. మనలో ఎందరికి దాని పేరు తెలిసియుండినది? నాకును ఆ తీర్పు వార్తగా వచ్చువరకు తెలియదు.

మన జిల్లా యువకులకు సంబంధించిన మరొక సంగతి గల్ఫ్. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి ఏటేట ఎందరో అక్కడికి పనికి పోవుదురు. ఊరి నుండి తప్పించుకొనుటకు గల్ఫ్ వీసాయే దారియని ఎవడైన తలచిన, అది మంటల నుండి పెనము మీదికి దుముకుటయే. సౌదీ అరేబియా, కతర్, కువైట్, ఒమాన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లలో పురుషుల నడుమ ఇట్టి సంబంధము నేరము. ఈ దేశములు 1951 ఒడంబడికలో చేరనివి గనుక అక్కడ ఆశ్రయ దరఖాస్తు అను మార్గమే లేదు. భారతదేశము కూడ ఒడంబడికలో చేరలేదు. అయినను మన గడ్డ మీద ఉన్న విదేశీయునికి సైతము 14, 21 అధికరణములు వర్తించునని సుప్రీం కోర్టు 1996లో చక్మా శరణార్థుల వ్యాజ్యమున చెప్పినది.

సరిహద్దు దాటని మన పౌరుని సంగతి ఇక చెప్పవలసియున్నది. విద్యార్థి ప్రశ్నలోని అసలు మనిషి బహుశా ఇతడే. మదురై నుండి ఇద్దరు యువతులు కలిసి జీవింపగోరి చెన్నై చేరగా, తల్లిదండ్రులు తప్పిపోయినట్లు పోలీసులకు ఫిర్యాదు చేసినారు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయము తెలియదని దాపరికము లేకుండ ఒప్పుకొని, మనస్తత్వ నిపుణుని వద్ద కూర్చుండి తెలిసికొని, 2021 జూన్ 7న వారిని వేధింపరాదని ఆదేశించినాడు. లైంగికతను 'మాన్పించు' వైద్యమును నిషేధించినాడు. తెలియనని చెప్పుకొన్న న్యాయమూర్తిని నేను వేరొకనిని ఎరుగను. 2024 మార్చి 11న సుప్రీం కోర్టు దేవు జి. నాయర్ వ్యాజ్యమున దేశములోని న్యాయస్థానములన్నింటికి నియమములు విధించినది. ఇంటివారి నిర్బంధములో ఉన్నవానిని గూర్చి హెబియస్ కార్పస్ పిటిషను వచ్చినచో వాయిదాలు వేయక త్వరగా వినవలెను. పిటిషను వేసిన స్నేహితునికి, ఆ మనిషికి గల సంబంధమేమని త్రవ్వి అడుగరాదు. నిర్బంధములో ఉన్నవానితో కుటుంబము, పోలీసుల ఒత్తిడి లేకుండ న్యాయమూర్తి విడిగా మాట్లాడవలెను. మనసు మార్చుటకై కౌన్సెలింగుకు పంపరాదు. వయోజనుడు ఇంటికి పోనన్నచో అప్పుడే విడిచిపెట్టవలెను. జంటగా వచ్చి పోలీసు రక్షణ కోరినచో, ఆపద ఎంత తీవ్రమో నిరూపింపకముందే తాత్కాలిక రక్షణ ఇవ్వవలెను.

కావున వరండాలో అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు ఇది. వేరే దేశము చేరినవాడు పనాహ్ అడుగవచ్చును. దాచుకొని బ్రతుకుమని అతనికి చెప్పరాదని అనేక దేశముల న్యాయస్థానములు తేల్చినవి. కాని అడుగుటకు ముందు చేరవలెను, చేరిన పిమ్మట నమ్మించవలెను. ఇచ్చటనే ఉన్నవానికి హైకోర్టు కలదు, దానికి స్నేహితుడే పిటిషను వేయవచ్చును. ప్రతి జిల్లా కేంద్రములోను న్యాయసేవాధికార సంస్థ ఉన్నది, దాని ఫోను సంఖ్య 15100. ఆధారు, పదవ తరగతి మెమో, బ్యాంకు పుస్తకము ముందే నమ్మకమైన స్నేహితుని వద్ద ఉంచుకొనవలెను. ఇల్లు విడిచినవారికి మొదటి వారములోనే అక్కరకు వచ్చునవి అవి.